నిమ్మా, నిమ్మళమూ

కోపం వస్తే అది ముక్కు మీదే కూర్చుంటుంది. ఆశ్చర్యం వస్తే వేలు ముక్కు మీదకే పోతుంది. ఉన్నమాట మొహం మీద అనేసేవాడు ముక్కుసూటి మనిషి, ఎవరో ఏమిటో తెలియనివాడు ముక్కూ మొహం తెలియనివాడు. మన మాటల్లో ముక్కుకి ఇంత చాకిరీ ఉంది గానీ, వాసన చూడడమనే దాని అసలు పనిని మాత్రం జలుబు చేసినప్పుడు తప్ప ఎవరూ తలుచుకోరు. ముక్కక్క అయిదు నెలలుగా అది తప్ప ఇంకేమీ తలుచుకోవడం లేదు.

ఆ పేరు పెట్టింది ఆమె అన్నయ్య. ఏడేళ్ళ వయసులో ఆమెకి ఒక ఆట ఉండేది. కళ్ళు గట్టిగా మూసుకుని, గదిలోకి ఎవరొచ్చారో చెప్పేసేది. వడ్రంగం నేర్చుకుంటున్న అన్నయ్య సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా అంచు పట్టుకుని వాసన చూసి, “ఇవాళ వేరే చెక్క కోశావు కదా!” అని పట్టేసేది. “ఓసి ముక్కూ!” అని అతను పడీ పడీ నవ్వేవాడు. ముక్కు పెరిగి పెద్దదై వీధిలో పిల్లలకీ పెద్దలకీ ముక్కక్క అయింది. అసలు పేరు ఇప్పుడు కాగితాల మీద తప్ప ఎక్కడా లేదు.

పెళ్ళి కలిసిరాలేదు. రెండేళ్ళకే ఒక పెట్టె పట్టుకుని అన్నయ్య ఇంటికి వచ్చేసింది. ఎందుకొచ్చావని అన్నయ్య అడగలేదు, ఎన్నాళ్ళుంటావని వదిన అడగలేదు. తర్వాత ఒకరోజు, అంటే ఆరేళ్ళ కిందట, అన్నయ్య ఇంటి వెనక షెడ్డులో ఒక తలుపుకి చిత్రిక పడుతూ పడుతూ గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. మరి లేవలేదు. ఇల్లు వదినది. ఆ ఇంట్లో ముక్కక్క ఎవరంటే, లేని మనిషికి చెల్లెలు. ఆ చుట్టరికం ఎంత గట్టిదో వదిన చెప్పలేదు, ముక్కక్క అడగలేదు.

ఏదో ఒకటి చేయకపోతే ఇద్దరికీ పిచ్చెక్కేలా ఉందని, ఆ షెడ్డులోనే కొవ్వొత్తుల పని మొదలుపెట్టారు. సోయా గింజల నూనెతో చేసిన మైనం, దాంట్లో కాస్త తేనెపట్టు మైనం, పూలూ ఆకులూ చెక్కల నుంచి తీసిన నూనెలు. అంతకు మించి ఏమీ కలపరు. అయినా దాన్ని కొవ్వొత్తి అనే అనాలి. కొవ్వంతా మాటలోనే గానీ సరుకులో లేదని ముక్కక్క కొనేవాళ్ళకి చెప్పి నవ్వించేది.

మైనం కరిగించడం, తూచడం, వత్తి సరిగ్గా నడిమధ్య నిలబడేలా పుల్ల బిగించడం, గాజు కప్పుల్లో పోయడం వదిన పని. ఏ నూనె ఎంత వేయాలో తేల్చడం ముక్కక్క పని. వదినకి ఉన్న ముక్కు కళ్ళజోడు జారిపోకుండా పట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని ముక్కక్క ఏడిపించేది. వదిన కళ్ళజోడు పైకి తోసుకుని, “పోనీలే, దీనికి ఒక్క పనైనా ఉంది” అనేది. వదినా ఆడపడుచులు ఒకే గదిలో పొద్దస్తమానం పనిచేస్తూ జుట్లు పట్టుకోకుండా ఉన్నారంటే చూసినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు. పేచీలు లేక కాదు. మైనం చల్లారిపోతుందన్న తొందరలో అవి ఏ రోజుకారోజు సగంలోనే ఆగిపోయేవి.

వాళ్ళ కొవ్వొత్తులకి పేర్లుండేవి. నిమ్మనూనెది హుషారు. యూకలిప్టస్‌ది మెలకువ. అన్నిటికన్నా ఎక్కువ పోయేది నిమ్మళం. పరీక్ష పేపర్లు దిద్దుతూ దాన్ని వెలిగించిన ఒక టీచరు ఆ రోజు మార్కులు ధారాళంగా వేసేశానని వచ్చి మొత్తుకుంది. మనసు బాగాలేనివాళ్ళ మాటలు వినే డాక్టరమ్మ ఒకావిడ ఉండేది. మందూ మాకూ లేకుండా మాటలే వైద్యం కాబట్టి వీధిలో ఆవిడని మాటల డాక్టరు అనేవారు. ఆవిడ తన గదిలోకి నెలకి డజను నిమ్మళాలు తీసుకెళ్ళేది. ఆ గదిలోకి వచ్చి కూర్చున్నవాళ్ళకి భుజాలు కిందికి దిగుతాయట.

నిమ్మళంలో ఏముందని అడిగితే, “లావెండరు, దేవదారు, ఇంకో రెండు మూడు” అనేది ముక్కక్క. అంతకు మించి ఒక్క ముక్క చెప్పేది కాదు, ఏది ఎంతో ఎక్కడా రాసిపెట్టేదీ కాదు. పని మొదలుపెట్టిన రెండో నెలలో ఎనిమిది రోజులు తలుపేసుకుని కూర్చుని కలిపింది దాన్ని. అది సాయంత్రం పూట అన్నయ్య చొక్కా. చెక్కపొట్టు, చౌక సబ్బు, చెవి మీద దోపుకున్న పెన్సిలు, కాస్త చెమట. పక్కింటివాళ్ళకే కాదు, వదినకి కూడా ఆ సంగతి చెప్పలేదు. మొదటి కొవ్వొత్తి వెలిగించినప్పుడు వదిన దగ్గరికొచ్చి ఒక్కసారి గాలి పీల్చి, “బాగానే ఉంది” అని వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోముకుంది. ఈవిడకి ఏం తెలుస్తుందిలే అనుకుంది ముక్కక్క. ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఎందరో తన అన్నయ్య చొక్కా పక్కన కూర్చుని కుదుటపడుతున్నారు కదా అని మాత్రం లోపల్లోపల పొంగిపోయేది.

అయిదు నెలల కిందట జ్వరం వచ్చింది. నాలుగు రోజులుండి పోయింది. పోతూ పోతూ ముక్కుని కూడా పట్టుకుపోయింది.

అయిదో రోజు పొద్దున కాఫీ నోట్లో పోసుకుంటే అది వట్టి వేడినీళ్ళు. సబ్బు వట్టి నురగ. తన చీర, తన దిండు, వానకి తడిసిన గోడ, ఏవీ ఏమీ చెప్పడం లేదు. ముక్కుల డాక్టరు దీపం పెట్టి చూసి, తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, ఎవరూ చెప్పలేరు అన్నాడు. ఇంటికొస్తే వదిన గుమ్మంలోనే నిలబడి ఉంది.

“ఏమన్నాడు?”

“ఏముంది, జలుబు పట్టేసిందట. పోతుందన్నాడు” అంది ముక్కక్క.

ఎందుకు అబద్ధమాడిందంటే, భయం. ఇంట్లో తనకంటూ ఉన్నది ఆ ముక్కొక్కటే అని ఆమె నమ్మకం. అన్నయ్య ఉన్నప్పుడు అన్నయ్య చెల్లెలు, లేనప్పుడు ముక్కు. ముక్కు కూడా పోయాక, వంటా వార్పూ అంతంతమాత్రంగా వచ్చిన నలభై ఏడేళ్ళ మనిషిని ఏ లెక్కన ఉంచుకోవాలి ఎవరైనా? వదిన వెళ్ళిపొమ్మనదు. అది ముక్కక్కకీ తెలుసు. కానీ పొమ్మనకుండా భరించే చోట బతకడం ఆమెకి చేతకాదు. అత్తారింట్లో ఒకసారి ఆ అనుభవం అయింది.

దాచడం మొదట్లో తేలికగానే సాగింది. ఆరేళ్ళ పని చేతుల్లో ఉండిపోయింది. ఇబ్బందల్లా సీసాలతో వచ్చింది. గోడకున్న చెక్క అల్మరాలో ఇరవై రెండు గోధుమరంగు సీసాలు, అన్నీ ఒకే సైజు, ఒక్కదాని మీద కూడా పేరు లేదు. పేరు అంటించనివ్వనిది తనే. “ముక్కు ఉండగా చీటీలెందుకు? నేనేమన్నా మందుల షాపా?” అని ఎన్నోసార్లు వదిన మీద ఎగిరింది. ఇప్పుడు ఆ పొగరు తన నెత్తి మీదకే వచ్చింది. యూకలిప్టస్ ముక్కులో చల్లగా గుచ్చుతుంది, లవంగం మండుతుంది. ఆ రెండూ వాసన లేకుండానే తెలుస్తాయి. తక్కినవాటికి చోటే ఆనవాలు. పై అరలో మూడోది లావెండరు, రెండో అర చివరిది దేవదారు. పొద్దున్నే వెళ్ళేసరికి అన్నీ ఎక్కడివక్కడే తిన్నగా ఉండేవి. దేవుడు తన పక్షాన ఉన్నాడనుకుంది.

ఇంకొకటి కూడా నేర్చుకుంది. కొవ్వొత్తి వెలిగించి, కొనడానికి వచ్చినవాళ్ళ మొహాలు చూసేది. ముక్కు ఉన్నన్నాళ్ళూ ఆమె మనుషుల్ని ఇంత పరకాయించి చూడలేదు. లావెండరుకి కొందరి కనుబొమలు విడిపోతాయి, కొందరివి ముడిపడతాయి. హుషారుకి పిల్లలు నవ్వుతారు. ఒక దర్జీ ఆయన దాల్చినచెక్క దగ్గర ఎప్పుడూ ఒక్క క్షణం ఆగి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయేవాడు. మనిషి మనిషికీ ముక్కు వెనకాల వేరే ఇల్లుంటుందనీ, ఏ వాసన ఏ తలుపు తడుతుందో చేసినవాళ్ళకి తెలియదనీ ఆమెకి అప్పుడు అర్థమైంది. ఆరేళ్ళుగా, ఈ వాసన ఈ మనసుకి అని ముక్కుసూటిగా చెప్పి అమ్మింది కదా అని కాస్త సిగ్గుపడింది కూడా.

కానీ నిమ్మళం సీసా అడుగంటుతోంది. జ్వరానికి ముందు కలిపి పెట్టుకున్నది మూడో వంతు మిగిలింది. అదయిపోతే మళ్ళీ కలపాలి. రాసుకున్నది లేదు, చూడడానికి ముక్కు లేదు. ఆ సీసా ఖాళీ అయిన రోజు తన గుట్టు కూడా బయటపడుతుందని ముక్కక్కకి తెలుసు.

సరిగ్గా అలాంటప్పుడు వదినకి ప్రయాణం పడింది. వాళ్ళక్కకి మోకాలి ఆపరేషను. తోడుండడానికి మూడు వారాలు వెళ్ళాలి. వెళ్ళేలోపు షెడ్డు గోడకి చెమ్మ ఎక్కిందని రంగు వేయించడానికి మనిషిని పిలిపించింది. ఆ మనిషి వచ్చే ముందురోజు ముక్కక్క ఏదో పని మీద బయటికి వెళ్ళి వచ్చేసరికి అల్మరా ఖాళీ. సీసాలన్నీ కింద అట్టపెట్టెలో ఉన్నాయి. చోటుతో పాటు ఆనవాలూ పోయింది. తీరా వంగి చూస్తే ప్రతి సీసా మీదా ఒక చీటీ.

ప్రాణం లేచివచ్చింది. వచ్చిన ప్రాణాన్ని దాచుకోవడానికి కోపం తెచ్చుకుంది.

“నా సీసాలకి చీటీలేమిటి వదినా? ఆరేళ్ళలో ఎప్పుడైనా కావలసి వచ్చాయా?”

“నీకు కాదులే అమ్మాయ్. ఆ రంగులాయన ఏదన్నా పగలగొడితే ఏది పోయిందో నాకు తెలియాలి కదా. నా ముక్కు సంగతి నీకు తెలిసిందేగా.”

“సరే, ఉండనీ. వచ్చాక పీకేద్దాం” అని పెద్దమనసు చేసుకుంది ముక్కక్క.

వదిన అక్షరాల దగ్గర మహా పొదుపరి. ఏ మాటనీ పూర్తిగా రాయదు. ఒకసారి సామాన్ల చీటీలో ‘చీ’ అని రాసిస్తే ముక్కక్క చీపురు తెచ్చింది. వదినకి కావలసింది చీమల మందు. సీసాల మీదా అదే వరస. ‘లావ’ అంటే లావెండరు, ‘దేవ’ అంటే దేవదారు, ‘దా’ అంటే దాల్చినచెక్క. ముక్కక్కకి ఆ భాష కొట్టినపిండి.

వదిన వెళ్ళిన మర్నాడే మాటల డాక్టరు ఫోను చేసింది. ఈమధ్య వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు, కొవ్వొత్తులు ముందే అయిపోయేలా ఉన్నాయి, ఇంకో డజను కావాలంది. ముక్కక్క అట్టపెట్టెలో వెతికింది. అడుగున ఒక సీసా మీద ‘నిమ్మ’ అని ఉంది. సగం మాట. మిగతా సగం ముక్కక్క మనసులో పూర్తి చేసుకుంది. నిమ్మళం.

నిమ్మనూనె సంగతి ఆమెకి తట్టనే లేదు. అది పోయిన నెలే అయిపోయింది. కొత్త డబ్బా వచ్చిందనీ, వదిన దాన్ని సీసాలోకి ఒంపిందనీ ఆమెకి తెలియదు. చేత్తో ఎత్తి చూస్తే సీసా అనుకున్నదానికన్నా బరువుగా ఉంది. మూడో వంతే అనుకున్నాను, సగానికి పైగా ఉందే! ఆ సంతోషంలో అంత ఎలా మిగిలిందని ఆలోచించలేదు. ఇంకో రెండు నెలలు గడిచిపోతాయి, అది చాలనుకుంది. ఒక్క ఫోను చేసి, “నిమ్మ అని రాసింది ఏదీ?” అని అడిగితే సరిపోయేది. ముక్కున్న మనిషి ఆ ప్రశ్న అడగదు. కాబట్టి ఆమె కూడా అడగలేదు.

మైనం కరిగింది. వేడి అరవై అయిదు డిగ్రీలకి దిగాక నూనె తూచి పోసి, రెండు నిమిషాలు నెమ్మదిగా తిప్పింది. అలవాటు కొద్దీ గిన్నె మీదకి వంగి ఊపిరి లోపలికి తీసుకుంది. ఏమీ లేదు. పన్నెండు గాజు కప్పుల్లో పోసి, మూతలు పెట్టి, ‘నిమ్మళం’ అని కాగితాలు అంటించింది. సోయా మైనం మొహమాటస్తురాలు. పోసిన రోజే వాసన బయటపెట్టదు. రెండు వారాలు చీకట్లో ఊరుకోబెడితే గానీ నోరు విప్పదు. ఆ రెండు వారాలూ ఓపిక పట్టి, పదిహేనో రోజున డాక్టరుకి పంపించింది.

వదిన తిరిగొచ్చిన నాలుగు రోజులకి, మధ్యాహ్నం భోజనాలయ్యాక, మాటల డాక్టరు స్వయంగా వచ్చింది. చేతిసంచిలోంచి సగం కాలిన కొవ్వొత్తి తీసి బల్ల మీద పెట్టింది.

“తప్పు పట్టడానికి రాలేదమ్మా. ఇందులో ఏమన్నా మార్చారా అని అడుగుదామని వచ్చాను.”

“లేదండీ. ఎప్పుడూ చేసేదే” అంది ముక్కక్క.

డాక్టరు కొవ్వొత్తిని వాళ్ళ వైపు జరిపింది. “నా దగ్గరికి ఒకాయన వస్తారు. ఆరు నెలలుగా వస్తున్నారు. కూర్చుంటారు, బాగానే ఉన్నానంటారు, వెళ్ళిపోతారు. పోయిన వారం ఇది వెలిగించగానే, ‘ఇక్కడ నేల తుడిచారా?’ అని అడిగారు. మనిషి వణికిపోతున్నారు. ఎప్పుడో ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉండగా పూటపూటకీ నేల తుడిచేవాళ్ళట. ఆ నీళ్ళ వాసన ఇదేనట. అంతవరకే చెప్పగలను. తక్కినది ఆయనది. గంటసేపు మాట్లాడారు, ఏడ్చారు, కొవ్వొత్తి ఆర్పేసి వెళ్ళిపోయారు. ఈ వారం రాలేదు. అది మంచికో చెడుకో నాకూ తెలీడం లేదు.”

వదిన కొవ్వొత్తి చేతిలోకి తీసుకుంది. మూత తీసి ఒక్కసారి వాసన చూసింది. కళ్ళజోడు ముక్కు మీద నుంచి కొంచెం జారింది, పైకి తోసుకోలేదు.

“ఇది నిమ్మ” అంది. “నాదేనండీ పొరపాటు. ఊరెళ్ళే తొందరలో చీటీలు నేనే రాశాను. తప్పు రాసుంటాను. మా అమ్మాయి నా చీటీ నమ్మి పోసేసింది.”

ఆ ఒక్క మాట పట్టుకుంటే చాలు. డాక్టరు అప్పటికే తలూపుతోంది. ముక్కక్క ఊరుకుంటే అన్నీ సర్దుకుపోతాయి. కానీ ఆ వణికిపోయిన మనిషి ఆమె కళ్ళ ముందు నుంచి కదలడం లేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి నెమ్మది కోసం వచ్చి కూర్చుంటే, తను అతన్ని తీసుకెళ్ళి ఆసుపత్రి వరండాలో కూర్చోబెట్టింది. తన భయం దాచుకోవడానికి.

“చీటీలో తప్పేం లేదండీ” అంది ముక్కక్క. “చీటీ ఎవరు రాసినా, మూత తీయగానే నాకు తెలియాలి. తెలీలేదు. నాకు వాసన తెలియడం లేదు డాక్టరుగారూ. అయిదు నెలలైంది. ఎవరికీ చెప్పలేదు.”

డాక్టరు చేయి చాచి ముక్కక్క చేతి మీద వేసింది.

“నేను కూడా ఒకటి ఒప్పుకోవాలి” అంది. “ఆరేళ్ళుగా వచ్చినవాళ్ళని ఒక్కసారైనా అడక్కుండా వెలిగించేశాను. అందరికీ ఒకటే నెమ్మది అనుకున్నాను. ఇకనుంచి అడుగుతాను.” ఆ మిగిలిన కొవ్వొత్తిని మాత్రం వెనక్కివ్వకుండా సంచిలోనే పెట్టుకుని వెళ్ళింది.

ఆమె వెళ్ళాక ముక్కక్క తలెత్తలేదు. వదిన చీపురు తీసుకుని శుభ్రంగా ఉన్న నేలనే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

“ఏదో ఒకటి అను వదినా.”

“ఏమనను? తెలిసినదానికి ఏమంటారు?”

“తెలుసా?”

“జ్వరం తగ్గిన మూడో రోజు పాలు మాడి గిన్నె బొగ్గయింది. ఇల్లంతా కంపు. నేను పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాను. నువ్వు పొయ్యి పక్కనే కూర్చుని తీరిగ్గా వత్తులు కత్తిరిస్తున్నావు.” వదిన చీపురు గోడకి ఆనించింది. “పొద్దున్నే నేను షెడ్డు ఊడుస్తున్నానని కదా అనుకుంటున్నావు? ఒక్కో సీసా మూత తీసి చూసి, దేని చోట దాన్ని పెట్టి వస్తున్నాను. నువ్వు సాయంత్రానికి అన్నీ అటూ ఇటూ చేసేస్తావు.”

“నీ ముక్కుకి అవన్నీ ఎలా తెలిశాయి?”

“నేర్చుకున్నాను. దాల్చినచెక్కకీ లవంగానికీ తేడా తెలియడానికే నెల పట్టింది. తలనొప్పులొచ్చాయి.”

దేవుడు తన పక్షాన ఉన్నాడనుకుంది గానీ, ఆ దేవుడికి కళ్ళజోడు ఉందని ముక్కక్క ఎరగదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కోపమూ వచ్చింది.

“మరి ఒక్క మాట అనలేదేం?”

“నువ్వు అనలేదేం? నువ్వే చెప్తావని ఎదురుచూశాను. ఊరెళ్ళినప్పుడు కూడా, నిమ్మళం సీసా ఎక్కడ పెట్టావని ఫోను చేస్తావనుకున్నాను. అప్పుడైనా బయటపడతావని.”

“చెప్తే ఇంక నాకు ఈ ఇంట్లో ఏం పనుంటుంది వదినా? ముక్కు తప్ప నా దగ్గర ఏముంది?”

వదిన మొహం ఎర్రబడింది. ఇన్నేళ్ళలో ఎన్నడూ అంత కోపం ఆమె ముక్కు మీద కూర్చోలేదు. “పని కోసం ఉంచుకున్నానా నిన్ను? ఆయన పోయిన రాత్రి నా పక్కన పడుకున్నది నీ ముక్కా? ఇన్నేళ్ళు ఒక గిన్నెలో తిన్నాక నాతో అనాల్సిన మాటేనా ఇది?” అని విసవిసా ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ముక్కక్క లేచి వెనకాలే వెళ్ళింది. వదిన పడకగదిలో బీరువా తెరిచి నిలబడి ఉంది. కింది అరలో మడతపెట్టిన రెండు చొక్కాలు. వాటి మధ్య గోధుమరంగు సీసా. దానికి చీటీ లేదు.

“దీన్ని ఆ పెట్టెలో వేయబుద్ధి కాలేదు. ఇక్కడ పెట్టాను” అంది వదిన. గొంతులో కోపం దిగిపోయింది. “ఇదేమిటో నాకు తెలియదనుకున్నావు కదూ? పద్నాలుగేళ్ళు ఆ చొక్కాలు ఉతికినదాన్ని.”

మొదటి కొవ్వొత్తి వెలిగించగానే వదిన గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయిన రోజు ముక్కక్కకి గుర్తొచ్చింది.

“ఈ రెండూ ఉతక్కుండా దాచాను. అయినా ఏమీ మిగల్లేదు. రెండేళ్ళ కిందటే పోయింది. ఉన్నదంతా ఈ సీసాలోనే ఉంది. అయిపోతే ఎలాగా అని నీకెంత భయమో, నాకూ అంతే.”

ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. ముక్కక్క సీసా మూత తీసి ముక్కుకి ఆనించుకుంది. ఏమీ లేదు. అన్నయ్యని తను చేతులారా చేసి పెట్టుకుంది, ఇప్పుడు తనకే అందడు. ఆ మాట పైకి అనేసింది. వదిన ఆమె తల తన భుజం మీదకి లాక్కుంది.

మర్నాడు పొద్దున్నే షెడ్డు తలుపు తీశారు. వదిన ఒక నోటుపుస్తకం తెచ్చుకుంది. “ఇవాళ కలుపుదాం” అంది.

“ఎవరి ముక్కుతో?”

“నాకు ఇరవై రెండు నూనెలు అంతంతమాత్రంగానే తెలుసు. ఈ ఒక్క వాసన మాత్రం నాకన్నా బాగా తెలిసినవాళ్ళు లేరు. నువ్వు వెయ్యి, నేను చూస్తాను.”

ముక్కక్క చేతులకి వరస గుర్తుంది. ముందు లావెండరు, తర్వాత దేవదారు. కాగితం ముక్క మీద ఒక చుక్క వేసి వదినకి అందించింది. వదిన చూసి మూతి విరిచింది. “ఇది కొత్త సబ్బు. ఆయన ఎప్పుడన్నా ఇంత శుభ్రంగా ఉన్నాడా?” దేవదారు పెంచింది. “ఇది బల్ల. మనిషేడీ?” పుల్ల కొనతో లవంగం నూనె తాకించింది. “దగ్గరికొస్తోంది గానీ, పెన్సిలు లేదు.” ముక్కక్కకి నవ్వొచ్చింది. పెన్సిలుందని ఈవిడకి కూడా తెలుసన్నమాట. వట్టివేళ్ళ నుంచి తీసిన ఒక నూనె ఉంది, అడుగు అర మూల నుంచి దాన్ని తీసింది.

వేసిన ప్రతి చుక్కా వదిన పుస్తకంలో రాస్తోంది. ‘లా 40, దే 22’ అని మొదలుపెట్టబోతే ముక్కక్క చేయి పట్టుకుని ఆపింది.

“పూర్తిగా రాయి మహాతల్లీ. నీ సగం మాటలతో ఒక పెద్దమనిషిని ఏడిపించాం.”

వదిన పూర్తిగా రాసింది. ఆ పెద్దమనిషి మళ్ళీ వచ్చాడనీ, కొవ్వొత్తి వద్దని చెప్పి, కిటికీ తీయించుకుని కూర్చుని మాట్లాడుతున్నాడనీ డాక్టరు తర్వాత ఎప్పుడో చెప్పింది. ఆ పొద్దున మాత్రం వాళ్ళకి ఆ సంగతి తెలియదు. పదకొండు కాగితం ముక్కలు బల్ల మీద పడ్డాయి. ఎండ కిటికీలోంచి అల్మరా దాకా వచ్చింది. ముక్కక్క పన్నెండోది అందించింది.

వదిన దాన్ని ముక్కు దగ్గరికి తీసుకుంది. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. మళ్ళీ వాసన చూసింది. చిన్నప్పుడు కళ్ళు మూసుకుని, గదిలోకి ఎవరొచ్చారో చెప్పిన ముక్కక్క, ఇప్పుడు కళ్ళు బాగా తెరుచుకుని వదిన మొహంలోకి చూసింది. ఎవరొచ్చారో ఆమెకి తెలిసింది.

అయినా చేయి అలవాటు కొద్దీ ఇంకో చుక్క కోసం సీసా వైపు వెళ్ళింది.

ఇన్నేళ్ళలో వదిన ఎన్నడూ ఆమెని ఆ పేరుతో పిలవలేదు. అది అన్నయ్య పిలుపు. ఇప్పుడు పిలిచింది.

“ఆగు ముక్కూ” అంది. “చాలు.”